పద్దులో లేని పేరు

అమెరికాలో రెండు వందల ఏళ్ల కిందటి పల్లెటూరి డాక్టరు పద్దు పుస్తకం తెరిస్తే ముందు కంటపడేవి రెండు అక్షరాలు. పేజీ పైన ఒక రైతు పేరు, దాని పక్కన ‘డి, ఆర్’. పేజీ తిప్పితే ఇంకో రైతు, మళ్లీ అవే అక్షరాలు. మొదటిసారి స్కాన్ కాపీ చూసినప్పుడు ఒక ఊళ్లో ఇంతమంది డాక్టర్లేమిటని ఆగిపోయాను. నాలుగైదు పేజీలు తిప్పాక గానీ అర్థం కాలేదు. అది డాక్టర్ కాదు, డెటార్. అంటే బాకీదారు. ఎదురుగా ‘సి, ఆర్’ అని ఉన్నది జమ పక్క.

అర్థమయ్యాక ఆ పుస్తకం నాకు కొత్తగా అనిపించలేదు. మా తాతయ్యకు తెనాలి దగ్గర పల్లెలో కిరాణా కొట్టు ఉండేది. ఆయన దగ్గర రెండు పుస్తకాలు. జరిగింది జరిగినట్టు తేదీవారీగా రాసుకునేది చిట్టా. అందులోంచి ఎవరి లెక్క వాళ్ల ఖాతాలోకి ఎత్తి రాసేది ఆవర్జా. సాయంత్రం దీపం పెట్టాక ఆయన చిట్టాలో ఒక్కో వరుస చదువుతుంటే నేను ఆవర్జాలో పేజీ వెతికి పెట్టేదాన్ని. ఎత్తి రాసిన వరుస పక్కన చిన్న గీత పెట్టేవారు. “గీత పెట్టకపోతే రెండోసారి ఎక్కుతుంది అమ్మాయ్, ఒకడి నోరు కొట్టిన పాపం మనకెందుకు” అనేవారు. అమెరికా డాక్టర్లకూ సరిగ్గా ఇవే రెండు పుస్తకాలు. డేబుక్కు చిట్టా, లెడ్జరు ఆవర్జా. ఎత్తి రాసిన వరుస మీద వాళ్లూ గీత కొట్టేవాళ్లు.

నేను ఇరవై ఏళ్లకు పైగా అమెరికా రోగుల కాగితాల మధ్యే బతుకుతున్నాను. 2002లో అమీర్‌పేటలో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ కోర్సు చేసి, రాత్రుళ్లు హెడ్‌ఫోన్ పెట్టుకుని, కాలితో పెడల్ తొక్కుతూ, నేనెప్పుడూ చూడని డాక్టర్ల మాటలు టైపు చేశాను. తర్వాత మెడికల్ కోడింగ్‌లోకి, అంటే బిల్లు కోసం జబ్బులకూ చికిత్సలకూ కోడ్ నంబర్లు వేసే పనిలోకి మారాను. అందుకే ఈ పాత పుస్తకాలు చూస్తే చరిత్ర చదువుతున్నట్టు ఉండదు, నా ఉద్యోగానికి ముత్తాతను చూస్తున్నట్టు ఉంటుంది. వాటి గురించి నాకు ఒక గట్టి అభిప్రాయం ఉంది. వీటిని వైద్యుల పుస్తకాలని పిలుస్తున్నాం గానీ ఇవి బాకీల పుస్తకాలు. ఏ గడి గీస్తే అదే నిండుతుంది. వీటిలో రోగికి గడి లేదు, రోగం ఏమైందో రాయడానికి గడి లేదు. ఆ లోటు పుస్తకంతోనే పోలేదు. చాలా ప్రాణాలు తీసింది. ఇప్పటికీ పూర్తిగా తీరలేదు.

ముందు ఆ వరుసలు ఎలా ఉంటాయో చెప్పాలి. తేదీ. ఇంటి పెద్ద పేరు. ‘వెళ్లి చూసినందుకు, మందుకు’. ఇన్ని షిల్లింగులు, ఇన్ని పెన్నీలు. ‘పన్ను పీకినందుకు’, ‘రక్తం తీసినందుకు’, ‘భార్యకు పురుడు పోసినందుకు’. దూరం వెళ్తే మైళ్ల లెక్కన అదనం, రాత్రి లేపితే ఇంకొంచెం. 1766లో పుట్టిన న్యూజెర్సీ వైద్య సంఘం మొదట్లోనే చేసిన పనుల్లో ఒకటి ఈ ఫీజుల పట్టిక రాయడం. 1792లో డాలరును దేశపు నాణెంగా చట్టం చేసినా చాలా ఏళ్లపాటు జనం షిల్లింగుల్లోనే లెక్క కట్టారు. అందులోనూ అమెరికా ఈశాన్యాన ఉన్న న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో ఆరు షిల్లింగులు ఒక డాలరు, న్యూయార్క్‌లో ఎనిమిది. ఇనుప సిరా కాలం గడిచేకొద్దీ గోధుమ రంగుకు తిరుగుతుంది. మాట మధ్యలో వచ్చే పొడవాటి ‘ఎస్’ అక్షరం ‘ఎఫ్’లా కనిపిస్తుంది. రెండు రోజులు కూర్చుంటే కన్ను అలవాటు పడుతుంది.

జమ పక్క నాకు ఎక్కువ ఇష్టం, ఎందుకంటే ఊరంతా అక్కడే ఉంటుంది. రై ధాన్యం, మొక్కజొన్న, బండెడు ఎండుగడ్డి, కట్టెలు, వెన్న, ఆపిల్ సారా, డాక్టరు గుర్రానికి మేత, కొడుకు రెండు రోజులు వచ్చి చేసిన కూలిపని. చేతిలో నగదు ఆడని ఊళ్లలో బాకీ ఇలాగే తీరేది.

ఇక్కడే మనవాళ్లలో చాలామంది కరిగిపోతారు. ‘ఆ రోజుల్లో డాక్టరు గుర్రమెక్కి ఇంటికొచ్చేవాడు, బుట్టెడు కూరగాయలు తీసుకుని ప్రాణం పోసేవాడు’ అని ఫార్వర్డులు తిరుగుతుంటాయి. అమెరికన్లకూ అదే బెంగ, మనకూ అదే. కానీ పుస్తకం ఆ మాట చెప్పడం లేదు. కట్టెలకూ వెన్నకూ పక్కనే ధర కట్టి ఉంటుంది. అది దానం కాదు, చెల్లు. బాకీ ఏళ్ల తరబడి సాగేది. డాక్టరు చనిపోతే ఆస్తి చూసేవాళ్లు పత్రికలో ప్రకటన ఇచ్చేవాళ్లు, బాకీలున్నవాళ్లు వచ్చి తీర్చుకోవాలని. డాక్టరుకు బతుకు ఉంది, పిల్లలున్నారు, గుర్రానికి గడ్డి కావాలి. ఆయన్ని తప్పు పట్టను. అబద్ధపు తీపి పూయడమే నాకు నచ్చదు.

ఆ వరుసలు అంత పొడిగా ఎందుకున్నాయి అంటే కారణం కోర్టు. న్యూ ఇంగ్లండ్‌లో బాకీ తగువు వస్తే సొంత పద్దు పుస్తకాన్నే సాక్ష్యంగా చూపించవచ్చు. యజమాని ప్రమాణం చేసి, ఇది రోజువారీగా నేను రాసిన పుస్తకమే అని చెబితే కోర్టు ఒప్పుకునేది. అప్పుడు కోర్టు అడిగేది ఏమిటి? ఏ రోజు, ఎవరికి, ఏమిచ్చావు, ఎంత. జ్వరం ఎన్ని రోజులుంది, పిల్లవాడు నిలబడ్డాడా అని అడగదు. అడగనిది ఎవరూ రాయలేదు. మనిషికి దయ లేక కాదు, పుస్తకానికి పని అది కాదు కాబట్టి.

మందుల సంగతికి వస్తే ఎక్కువమంది మరో తప్పు చేస్తారు, నవ్వుతారు. కేలోమెల్ అనే పాదరసపు తెల్లపొడి, విరేచనాలకు జాలప్ వేరు, వాంతికి ఇపెకాక్, నొప్పికి లాడనం అంటే నల్లమందు కలిపిన సారా, చలిజ్వరానికి సింకోనా బెరడు, చర్మం మీద పొక్కులు లేపే పట్టీ, అన్నిటికీ ముందు కత్తి పెట్టి రక్తం తీయడం. 1793లో ఫిలడెల్ఫియాలో పచ్చజ్వరం వచ్చినప్పుడు దేశంలోనే పేరున్న డాక్టర్ బెంజమిన్ రష్ పది గ్రెయిన్ల కేలోమెల్‌కు జాలప్ కలిపి మింగించాడు, రక్తం తీశాడు. 1799 డిసెంబరు 14న గొంతు వాచి చనిపోయిన జార్జి వాషింగ్టన్‌కు ఒక్క రోజులో రెండు లీటర్లకు పైగా రక్తం తీశారు. కేలోమెల్ ఇచ్చారు, గొంతుకు పొక్కుల పట్టీ వేశారు. దేశాధ్యక్షుడిగా చేసినవాడికీ, కొండవాలులో రెండెకరాలవాడికీ ఒకటే వైద్యం. వాళ్లకు తెలిసింది అది. నవ్వడానికి నాకు మనసొప్పదు. పాదరసం తిన్న మనిషికి చిగుళ్లు వాచి నోటి వెంట చొంగ కారుతుంటే మందు పనిచేస్తోందని నమ్మిన కాలం.

వాళ్లు తెలివితక్కువవాళ్లు కూడా కాదు. చాలామంది పెద్ద డాక్టరు దగ్గర కొన్నేళ్లు శిష్యరికం చేసి నేర్చుకున్నవాళ్లు. అమెరికాలో మొదటి వైద్య పాఠశాల ఫిలడెల్ఫియాలో 1765లో గానీ మొదలు కాలేదు, హార్వర్డ్‌లో 1782లో. న్యూ హాంప్‌షైర్‌లోని పోర్ట్స్‌మత్ డాక్టరు హాల్ జాక్సన్ అయితే, ఇంగ్లండ్‌లో విలియం విథరింగ్ 1785లో ఒంటికి నీరు పట్టే జబ్బుకు వాడే ఫాక్స్‌గ్లవ్ ఆకు మీద పుస్తకం వేశాడని తెలిసి, ఉత్తరం రాసి విత్తనాలు తెప్పించుకున్నాడు. సముద్రం అవతలి నుంచి విత్తనం తెప్పించి తోటలో నాటుకున్న మనుషులు వాళ్లు. అంత ఆసక్తి ఉన్నవాళ్ల చేతిలో ఉన్న పుస్తకం మాత్రం ఏమీ నేర్పలేని పుస్తకం. నాకు బాధ కలిగించేది అదే. వందల మందికి రక్తం తీసినట్టు అందులో ఉంటుంది, షిల్లింగులతో సహా. తీశాక ఎందరు లేచారో, ఎందరు పోయారో ఉండదు. ఉంటే లెక్క వేసుకునేవాళ్లు. రక్తం తీయడం వల్ల అనుకున్నంత మేలు లేదని పారిస్‌లో డాక్టర్ పియర్ లూయీ లెక్కలు కట్టి చూపించేసరికి 1830లు వచ్చాయి.

ఇక పద్దులో లేని పేరు. ఖాతా ఇంటి పెద్దది కాబట్టి మిగతా అందరూ ఒక్క మాటలోకి కుదించుకుపోతారు. భార్య. బిడ్డ. తల్లి. కూలివాడు. ఒకే ఖాతాలో పదేళ్ల వ్యవధిలో ‘భార్య’ అని ఆరుసార్లు కనిపిస్తే ఆమె ఒక్కతేనా, మొదటామె పోయి రెండో ఆమె వచ్చిందా చెప్పలేం. బానిసలైతే ఇంకా లోతున ఉంటారు. దక్షిణాది రాష్ట్రాల్లోనే కాదు, ఉత్తరాన మసాచుసెట్స్‌లోనూ. డీర్‌ఫీల్డ్ అనే ఊరిని చూడండి. అక్కడి డాక్టరు థామస్ విలియమ్స్. ఆ డాక్టరు దగ్గర శిష్యరికం చేసిన ఎలైహూ ఆష్లీ 1773 నుంచి 1775 దాకా రాసుకున్న డైరీ మనకు మిగిలింది. అతను ఊరి పాస్టరు కొడుకు. అతను పెరిగిన ఇంట్లోనే జిన్ అనే ఆఫ్రికా స్త్రీ, ఆమె కొడుకు కేటో బానిసలుగా బతికారు. చనిపోయాక తన దేశానికి తిరిగి వెళ్తానని నమ్మిన జిన్, వెళ్లేటప్పుడు తీసుకుపోవడానికి గుండీలు, గవ్వలు, రంగురాళ్లు దాచుకునేదని ఆ ఊరి చరిత్రలో ఉంది. 1808లో పోయింది. అలాంటి మనిషి ఆ ఊరి పద్దు పుస్తకాల్లో కనిపించేది యజమాని ఖాతా కింద, ఆయన బాకీలో ఒక వరుసగా. రోగం ఒకరిది, పేరు ఇంకొకరిది.

ఆ కాలంలో అంతకంటే వేరుగా రాయడం సాధ్యం కాదని ఎవరైనా అంటే వాళ్లకు మార్తా బల్లార్డ్ గురించి చెబుతాను. మెయిన్ ప్రాంతంలో కెన్నెబెక్ నది ఒడ్డున హాలోవెల్ అనే ఊళ్లో ఆమె మంత్రసాని. 1735లో పుట్టింది. 1769లో గొంతు వాపు జబ్బు వచ్చి కొద్ది రోజుల్లోనే ముగ్గురు కూతుళ్లను పోగొట్టుకుంది. యాభయ్యో ఏట, 1785 జనవరి 1న డైరీ మొదలుపెట్టి 1812 మే దాకా రాసింది. ఇరవై ఏడేళ్లు. అందులో 816 కాన్పులున్నాయి. మంచు పగిలే నదిని దాటి, గుర్రం మీంచి పడి లేచి, తెల్లవారుజామున ఇంటికొచ్చి, ఎవరింటికి వెళ్లింది, ఏ గంటకు పుట్టింది, ఆడపిల్లా మగపిల్లాడా, తల్లి ఎలా ఉంది అని రాసి పడుకునేది.

ఆమె బాకీలు రాసుకోలేదా? రాసుకుంది. ఫీజు అందాక కాన్పు వరుస పక్కనే ‘ఎక్స్ ఎక్స్’ అని గుర్తు పెట్టుకునేది. ఆమెదీ వస్తువులతో చెల్లే బేరమే. కాబట్టి డబ్బు లెక్క రాయడం వల్ల మనిషి మాయమైపోతుందని నేననడం లేదు. ఒకే వరుసలో రెండూ పడతాయని ఆమె చూపించింది. 1789 అక్టోబరులో ఒక తొలిచూలు కాన్పు దగ్గర ఇంటివాళ్లు భయపడి కుర్ర డాక్టర్ పేజ్‌ను పిలిపించారు. అతను ఇరవై చుక్కల లాడనం ఇచ్చాడు, బాగా వస్తున్న నొప్పులు ఆగిపోయాయి, ఆమె మత్తులో పడిపోయింది, సాయంత్రం వాంతి అయ్యాక గానీ నొప్పులు మళ్లీ రాలేదు. ఇది మార్తా డైరీలో ఉంది. ఒక పద్దు పుస్తకంలో అయితే ఆ రోజంతా ‘వెళ్లినందుకు, మందుకు’ అనే రెండు మాటల్లో ముగిసిపోయేది. ఆమె రాసింది కాబట్టే, ప్రసవ సమయంలో ఆమె చేతుల మీద ఒక్క తల్లి కూడా పోలేదని, బాలింత రోజుల్లో ఐదుగురు పోయారని రెండు వందల ఏళ్ల తర్వాత చరిత్రకారులు లెక్క తీయగలిగారు. లెక్క తీయగలిగే పుస్తకం అంటే ఇది.

ఒక్క గడి ఎంత పని చేస్తుందో స్కాట్లండ్‌లోని అబర్డీన్ డాక్టర్ అలెగ్జాండర్ గోర్డన్ పట్టిక చూస్తే తెలుస్తుంది. అక్కడ బాలింత జ్వరం ఊరిని ఊపేస్తే, ఆయన 77 మంది తల్లుల జాబితా వేసి 1795లో అచ్చు వేశాడు. పేరు, వయసు, ఉండే చోటు, బతికిందా పోయిందా, చివర్న ‘పురుడు పోసింది ఎవరు’. ఆ చివరి గడిలో అవే పేర్లు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. జబ్బు గాలి వల్ల రావడం లేదు, పురుడు పోసే చేతుల వెంట ఇంటింటికీ నడిచి వస్తోంది. ఆ చేతుల్లో తన చేతులూ ఉన్నాయని ఆయన దాచకుండా రాశాడు. ఎంత గుండె ఉండాలి ఆ మాట రాయడానికి! 1843లో బోస్టన్‌లో డాక్టర్ ఆలివర్ వెండెల్ హోమ్స్ అదే విషయం వాదించినప్పుడు గోర్డన్‌ను సాక్ష్యంగా తెచ్చుకున్నాడు. డాక్టర్ల నుంచి వరుస కేసుల వివరాలూ పోగు చేశాడు.

అదే గడి అమెరికా పల్లెల్లోని పద్దు పుస్తకాల్లో ఉండి ఉంటే? మార్తా కాలంలో ‘భార్యకు పురుడు’ అని రాసిన వరుస కింద పది రోజుల తర్వాత ‘భార్యకు మందు’, ఇంకో నాలుగు రోజులకు ఆగిపోయిన ఖాతా. నేను అలాంటి చోట ఆగి ముందు వెనక పేజీలు తిప్పుతాను. ఊహించడం తప్ప ఇంకేమీ చేయలేను. ఊహను నిజమని రాయకూడదు కాబట్టి ఖాళీగా వదిలేస్తాను.

ఈ పద్ధతి మారడానికి చాలా కాలం పట్టింది. మిన్నెసోటాలోని రోచెస్టర్ అనే చిన్న ఊళ్లో మేయో డాక్టర్లు కూడా మొదట్లో లెడ్జర్లలోనే రాసేవాళ్లు. ఏ డాక్టరు పుస్తకం ఆ డాక్టరుది. ఒకే మనిషి నలుగురు డాక్టర్లను చూస్తే నాలుగు పుస్తకాలు వెతకాలి. 1907లో హెన్రీ ప్లమ్మర్ అక్కడ ఒక్కో రోగికి ఒక నంబరు, ఒక ఫైలు పెట్టాడు. పుస్తకం డాక్టరుది కాకుండా రోగిది అయింది. వైద్యంలో గొప్ప మార్పులంటే మత్తుమందు, పెనిసిలిన్ అని చెబుతాం. నేనైతే ఆ ఫైలును కూడా వాటి పక్కన కూర్చోబెడతాను.

మరి ఇప్పుడు? నా పని గురించి చెబుతాను. 2015 అక్టోబరు 1న అమెరికా ఐసీడీ, అంటే జబ్బులకు కోడ్లు ఇచ్చే అంతర్జాతీయ పట్టిక, పదో కూర్పుకు మారింది. అప్పటిదాకా సుమారు 14 వేలున్న జబ్బుల కోడ్లు సుమారు 68 వేలయ్యాయి. ఆ ఏడాదంతా మాకు ట్రైనింగు, టెన్షన్. ఎడమ కాలా కుడి కాలా, మొదటిసారా రెండోసారా, అన్నిటికీ కోడ్ ఉంది. ఇంత వివరం వచ్చింది కదా, రోగి పూర్తిగా కనిపిస్తుందని మొదట్లో నిజంగానే సంతోషించాను. కానీ నా ముందుకొచ్చే నోట్సులో సగం వాక్యాలు రోగి కోసం రాసినవి కావు, క్లెయిమ్ వెనక్కి రాకుండా ఉండటానికి రాసినవి. ఒక్క మాట లేదని క్లెయిమ్ తిరిగొస్తే, ఆ మాట చేర్చమని డాక్టరుకు పంపుతాం. ఆ మాట చేరుతుంది. అప్పుడు కోర్టు అడిగింది రాశారు, ఇప్పుడు ఇన్సూరెన్సు అడిగింది రాస్తున్నారు. ముసలావిడ ‘రాత్రిళ్లు ఒంటరిగా ఉంటే ఊపిరాడనట్టు ఉంటుంది’ అని అన్న మాట ఆడియోలో విని టైపు చేసిన రోజులు నాకు గుర్తు. ఇప్పుడు టిక్కు పెట్టే గడుల్లో ‘ఒంటరిగా ఉంటే’ అన్నది ఎక్కడా ఎక్కదు.

రెండేళ్ల కిందట మా అమ్మ ఇక్కడే ఒక ఆసుపత్రిలో తొమ్మిది రోజులుంది. బిల్లు పద్నాలుగు పేజీలు, సిరంజీల లెక్కతో సహా. డిశ్చార్జి సమ్మరీ పేజీన్నర, అందులో ఒక చోట ఆమె వయసు తప్పు. నేను ఆ పద్నాలుగు పేజీలూ చేత్తో పట్టుకుని కౌంటరు దగ్గర నిలబడి, నా జీవితమంతా నేను చేసిన పని ఇదే కదా అనుకున్నాను. చాలా సిగ్గేసింది.

ఇంటికొచ్చాక అమ్మ మా అబ్బాయి పాత నోటుబుక్కులో మిగిలిన పేజీల్లో తనే రాసుకోవడం మొదలుపెట్టింది. ఎవరూ చెప్పలేదు. తేదీ వేసి, పొద్దున షుగర్ ఎంత, ఏం తింది, నిద్ర పట్టిందా. ‘కుడి కాలు తిమ్మిరి, చెప్పు జారిపోయింది’ అని ఒక రోజు. మూడు రోజుల తర్వాత మళ్లీ అదే. మధ్యలో ‘పాలవాడికి 310 ఇచ్చాను’ అని కూడా ఉంది. మొన్న కొత్త డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు నేను ఫైలు తీసి ఇచ్చాను. ఆయన చూసి పక్కన పెట్టాడు. అమ్మ సంచిలోంచి నోటుబుక్కు తీసింది. ఆయన రెండు నిమిషాలు నెమ్మదిగా తిప్పి, “ఈ చెప్పు జారిపోవడం ఎన్నాళ్ల నుంచి అమ్మా?” అని అడిగి, కిందికి వంగి ఆమె పాదం చేతిలోకి తీసుకున్నాడు.

ఆ రాత్రి అమ్మ రాసిన వరుస: ‘డాక్టరు కాలు చూశాడు. ఫీజు 500. పిల్ల తోడు వచ్చింది.’